బిల్లు ఎక్కడ కారిపోతోంది? ఈ నెల మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కరెంట్ బిల్లు గురించే ఉన్నాయి. కొంతమంది లెక్కలేసి మరీ పంపారు, కొంతమంది బిల్లు ఫోటో తీసి "ఇదేంటి సార్" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి పేజీలు మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: సార్, మా ఇంట్లో బల్బులన్నీ ఎల్ఈడీకి మార్చేశాం. గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పకుండా ఎవరూ రారు, ఫోన్ ఛార్జర్లు కూడా పనైపోగానే పీకేస్తాం. అయినా బిల్లు ఏమాత్రం తగ్గలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: తప్పేం చేయట్లేదండి, కాకపోతే కొండని తవ్వి ఎలుకని పడుతున్నారు. 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే 1 యూనిట్, ఇది అందరికీ తెలిసిందే కానీ దీంతో ఎవరూ లెక్కేసుకోరు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే దగ్గర దగ్గర 111 గంటలు వెలగాలి, అదే 2000 వాట్ల గీజర్‌కి అరగంట చాలు. ఫోన్ సంగతి ఇంకా చిన్నది, ఒకసారి ఫుల్ ఛార్జ్ అవ్వడానికి ఛార్జర్‌లో పోయేదంతా కలుపుకున్నా 20 వాట్-అవర్లు (1000 వాట్-అవర్లంటే 1 యూనిట్) అనుకోండి, రోజూ ఛార్జ్ పెట్టినా ఏడాది మొత్తానికి 7 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల పాత ఏసీ ఒక్క రాత్రి 8 గంటలు నడిస్తే ఇంచుమించు అంతే కాలుద్ది. అంటే ఏడాది పొడుగునా ఫోన్‌కి ఎంతయ్యిందో ఏసీకి ఒక్క రాత్రికి అంత. ఇక ఫోన్ పెట్టకుండా ఖాళీగా ప్లగ్గులో ఉన్న ఛార్జర్ అంటారా, ఈ మధ్య వచ్చేవి వాటులో పదో వంతు కూడా తీసుకోవు, ఆవగింజలో అరవయ్యో వంతు.

లైట్లు ఆర్పడం మంచి అలవాటే, మానమని చెప్పట్లేదు. పాత 60 వాట్ల బల్బులున్న రోజుల్లో దానికి అర్థం ఉంది, ఆ బల్బు తీసుకున్న కరెంట్‌లో 90 శాతం పైగా వేడిగానే పోయేది, వెలుగు కొసరు. అదే వెలుగు ఇప్పుడు 8, 9 వాట్లకి వస్తోంది. నీలం రంగు ఎల్ఈడీ కనిపెట్టిన ముగ్గురికి, అకసాకి, అమానో, నకమురా, 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చింది కూడా అందుకే, నీలం లేకపోతే తెల్ల ఎల్ఈడీ లేదు. కాబట్టి లైట్ల దగ్గర మీరు చేయాల్సింది అయిపోయింది. ఇక చూడాల్సినవి రెండు రకాలు: వేడి చేసేవీ చల్లబరిచేవీ ఒకటి, రోజంతా ఆగకుండా నడిచేవి ఇంకొకటి. మొదటి రకం మీ కంటికి కనపడతాయి, రెండో రకం కనపడవు, అసలు గొడవంతా అక్కడే. కింద ప్రశ్న చూడండి.

ప్రశ్న: ఏ వస్తువు ఎంత తింటుందో తెలుసుకోవడం ఎలా అన్నా? ప్రతిదానికీ మీటర్ పెట్టలేం కదా.

జవాబు: ఇంటి ముందు ఒక మీటర్ ఉందిగా తమ్ముడూ, అదే చాలు. ఎలక్ట్రానిక్ మీటర్ అయితే దాని మీద చిన్న ఎర్ర లైటు ఒకటి మెరుస్తూ ఉంటుంది చూశావా, అది ఊరికే మెరవదు. మీటర్ మీదే "ఇంప్ పర్ కిలోవాట్ అవర్" అని ఒక అంకె రాసి ఉంటుంది, కొన్నిటికి 1000, కొన్నిటికి 3200, ఇంకేదైనా ఉండొచ్చు. 3200 అని ఉంటే 3200 సార్లు మెరిస్తే 1 యూనిట్ అన్నమాట. అంటే రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూసి, 1125ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ నిమిషానికి ఇల్లు ఎన్ని వాట్లు తీసుకుంటుందో వచ్చేస్తుంది. 1000 అని ఉంటే 3600ని భాగించాలి. అంతే లెక్క.

ఇది రాత్రి పడుకునే ముందు చేయాలి. నేను మా ఇంట్లో మొదటిసారి చేసింది చెప్తా. లైట్లు, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపాం, ఫ్రిజ్ మధ్యలో స్టార్ట్ అయితే లెక్క పోద్దని దాన్నీ కాసేపు ఆపా. ఇంట్లో "ఏమీ నడవట్లేదు". టార్చ్ వేసుకుని మీటర్ ముందు నిలబడితే 8 సెకన్లకోసారి మెరుస్తోంది. 1125 బై 8, అంటే 140 వాట్లు! అందరం నిద్రపోతున్నా, ఊళ్ళో లేకపోయినా, 24 గంటలూ 140 వాట్లు, అంటే రోజుకి 3 యూనిట్ల పైన, నెలకి 100 యూనిట్లు. ఏమీ నడపకుండానే.

తర్వాత బోర్డులో ఎంసీబీలు (ఒక్కో లైన్‌కి ఉండే ట్రిప్ స్విచ్‌లు) ఒక్కొక్కటే కిందకి వేస్తూ మా ఆవిడని మీటర్ దగ్గర నిలబెట్టి "ఇప్పుడు?" "ఇప్పుడు?" అని అరుచుకుంటూ పోతే దొరికింది దొంగ. ఇన్వర్టర్ బ్యాటరీ. పాతదైపోయి ఒక సెల్ పోయింది, అందుకని అది ఎప్పటికీ నిండదు, ఛార్జర్ పోస్తూనే ఉంటుంది, ఆ కరెంట్ అంతా వేడైపోతుంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, మూడు నెలల నుంచి అస్తమానం డిస్టిల్డ్ వాటర్ పోస్తూనే ఉన్నా, ఎండకి ఆవిరైపోతున్నాయేమో అనుకున్నా. దానిదొక్కదానిదే 90 వాట్ల దాకా ఉంది. బ్యాటరీ మార్చాక మెరుపుకీ మెరుపుకీ మధ్య 22 సెకన్లు వచ్చింది, అంటే 50 వాట్లు. ఆ మిగిలిన 50లో సెట్ టాప్ బాక్స్, వైఫై, టీవీ స్టాండ్‌బై, ఇన్వర్టర్ సొంత ఖర్చు, ఇలా చిల్లర దొంగలున్నారు. సెట్ టాప్ బాక్స్‌ని రిమోట్‌తో ఆపితే లైటు రంగు మారుద్ది తప్ప చాలా పాత బాక్సులు లోపల దాదాపు అంతే తీసుకుంటాయి, గోడ స్విచ్ ఆపడమే మార్గం.

ఒక్కటి గుర్తుపెట్టుకో: 1 వాట్ ఏడాదంతా నడిస్తే 8.76 యూనిట్లు. అందుకే నేను గంటల్ని చూడమంటా, వాట్లని చూసి భయపడొద్దంటా. 1200 వాట్ల మైక్రోవేవ్ రోజుకి 5 నిమిషాలు నడిస్తే నెలకి 3 యూనిట్లు, 15 వాట్ల బాక్స్ ఊరికే కూర్చుంటే నెలకి దాదాపు 11. ఈ స్టాండ్‌బై గోల ప్రపంచమంతా ఉన్నదే, ఏ వస్తువైనా స్టాండ్‌బైలో 1 వాట్ దాటకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది, యూరప్‌లో 2013 నుంచి చాలా వస్తువులకి అర వాట్ అని రూల్ పెట్టారు. కొత్త టీవీలు అందుకే పర్లేదు, పాతవాటినే పట్టుకోవాలి.

ఆ, ఇంకో ముక్క. మెయిన్ మొత్తం ఆపేశాక కూడా మీటర్ మెరుస్తుంటే మాత్రం మీరేం కెలక్కండి, మీటర్‌కీ మెయిన్‌కీ మధ్యలో వైర్ ఎక్కడో తేడాగా ఉంది, లేదా మీ మీటర్ మీద ఇంకెవరో బతుకుతున్నారు. కరెంటాఫీసు వాళ్ళని పిలవండి.

ప్రశ్న: మా వారు బయటినుంచి రాగానే ఏసీ 18లో పెడతారు, తొందరగా చల్లబడుద్దట. నేను 26 అంటా. రోజూ ఇదే గొడవ. తీర్పు మీరే చెప్పాలి.

జవాబు: అమ్మా, తీర్పు చెప్పి మీ ఇంట్లో నేను ఇరుక్కోను కానీ విషయం చెప్తా. 18 అంటే వేగం కాదు, అది ఎక్కడ ఆగాలో చెప్పే అంకె. గది 33లో ఉన్నప్పుడు 18 పెట్టినా 26 పెట్టినా ఏసీ ఒకటే ఉరుకు ఉరుకుద్ది, గది చల్లబడే వేగం ఒకటే. తేడా ఏంటంటే 26 దగ్గర కంప్రెసర్ ఆగుద్ది లేదా నెమ్మదిస్తుంది, 18 పెడితే పాపం అది ఎప్పటికీ అక్కడికి చేరక రాత్రంతా రొప్పుతూనే ఉంటుంది, మీరేమో అర్ధరాత్రి చలేసి దుప్పటి కప్పుకుంటారు. ఒక్కో డిగ్రీ పైకి పెడితే ఏసీ కరెంట్ సుమారు 5, 6 శాతం తగ్గుద్దని మామూలుగా చెప్పే లెక్క. 20 నుంచి 26కి వస్తే పాతిక, ముప్పై శాతం అక్కడే వచ్చేసినట్టు.

మీ ఆయన్ని ఒప్పించాలంటే సీలింగ్ ఫ్యాన్ తోడు పెట్టండి. గాలి ఒంటికి తగిలితే రెండు మూడు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది, ఫ్యాన్ తినేది ఏసీ ముందు లెక్కలోకే రాదు. 26లో ఫ్యాన్ వేస్తే ఆయనకి 23లా ఉంటుంది, చెప్పకుండా వేసి చూడండి.

ఇక ఏసీ అంటే అసలు చలి తయారుచేసే మిషన్ కాదు, లోపలి వేడిని ఎత్తి బయట పారేసే కూలీ. 1 టన్ను అంటే పూర్వం ఐసు లెక్క, 2000 పౌన్ల ఐసు 24 గంటల్లో కరగడానికి లాక్కునే వేడి, మన లెక్కలో 3.5 కిలోవాట్లు. అంత వేడి బయటికి మోయడానికి మంచి ఏసీ 1 కిలోవాట్ కరెంట్ మాత్రమే తీసుకుంటుంది. కూలీ మంచోడే, కాబట్టి వాడికి మోత తగ్గించండి. ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి (ఇది చేయనోళ్ళే ఎక్కువ, ఫిల్టర్ తీస్తే దుప్పటిలా దుమ్ము వస్తుంది). బయట యూనిట్ చుట్టూ సామాన్లు పేర్చొద్దు, దానికి గాలి ఆడాలి. పడమటి కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట నీడ మేలు, ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక ఆ వేడి ఇంక మీదే, కర్టెన్ దాన్ని ఆపలేదు, కాస్త ఆలస్యం చేస్తుందంతే. పై అంతస్తులో ఉంటే స్లాబ్ మీద తెల్ల రిఫ్లెక్టివ్ పెయింట్ వేయించండి, పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రంతా కిందకి కక్కుతూ ఉంటుంది, మీ ఏసీ సగం పోరాటం ఆ కప్పుతోనే.

చాలామంది ఇంకోటి కూడా అడిగారు, కాసేపు బయటికెళ్తే ఏసీ ఆపడం మంచిదా, మళ్ళీ ఆన్ చేస్తే ఎక్కువ లాగుద్ది కదా అని. ఆపడమే మంచిది. గది వేడెక్కే కొద్దీ బయటినుంచి వచ్చే వేడి తగ్గుద్ది, కాబట్టి మళ్ళీ తీయాల్సిన వేడి ఎప్పుడూ ఆగకుండా నడిపితే తీసేదానికంటే తక్కువే ఉంటుంది. ఐదు పది నిమిషాల పనికైతే మాత్రం ఆపీ వేసీ మిషన్‌ని హింసపెట్టకండి.

ప్రశ్న: గీజర్ రోజంతా ఆన్‌లో ఉంచితే తక్కువ కాలుద్దని ప్లంబర్ చెప్పాడు, మాటిమాటికీ మొదట్నుంచీ కాచక్కర్లేదట. నిజమేనా?

జవాబు: ప్లంబర్ నీళ్ళ గురించి చెప్తే వినండి, వేడి గురించి చెప్తే వినకండి. పైన ఏసీకి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. వేడినీళ్ళు ఉన్నంతసేపూ వేడి బయటికి పోతూనే ఉంటుంది, ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ పోతుంది.

లెక్క కావాలా? 1 లీటరు నీళ్ళు 1 డిగ్రీ పెరగాలంటే 1.16 వాట్-అవర్లు. 15 లీటర్ల గీజర్, 25 నుంచి 60 డిగ్రీలకి, అంటే 35 డిగ్రీలు: 609 వాట్-అవర్లు, ముప్పాతిక కూడా కాదు, 0.6 యూనిట్. ఇది ఏ కంపెనీ గీజర్ అయినా తప్పదు, ఇన్‌స్టెంట్ అయినా స్టోరేజ్ అయినా, ఫిజిక్స్ దగ్గర డిస్కౌంట్ లేదు. తేడా వచ్చేది ఆన్‌లో వదిలేసినప్పుడు, ఊరికే చల్లారి మళ్ళీ కాగి చల్లారి కాగి రోజుకి అర యూనిట్ దాకా పోవచ్చు, ఇన్సులేషన్ బాగోకపోతే ఇంకా ఎక్కువ. కాబట్టి స్నానానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు వేసి, అయ్యాక ఆపేయండి. ఇంట్లో నలుగురుంటే నలుగురూ వరసగా చేసేస్తే ఇంకా మేలు, పొద్దున ఆరింటికొకరు పదింటికొకరు అయితే మధ్యలో నీళ్ళు గోడకి స్నానం చేయిస్తుంటాయి.

థర్మోస్టాట్ 70లో పెట్టుకుని చన్నీళ్ళు కలుపుకోవడం ఎందుకు, కాచి వెంటనే వాడేసేవాళ్ళు 50లో పెట్టుకోవచ్చు. పెద్ద ట్యాంక్‌లో రోజులతరబడి నిల్వ ఉంచేవాళ్ళు మాత్రం 60 కంటే తగ్గించకండి, లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో హాయిగా పెరుగుద్ది, 60 దగ్గర చచ్చిపోద్ది. నాలుగు యూనిట్ల కోసం జబ్బు తెచ్చుకోకూడదు.

గీజర్ మార్చే ఆలోచనుంటే హీట్ పంప్ గీజర్ గురించి విచారించండి, ఏసీలాగే వేడిని మోసుకొచ్చే రకం, బయటి గాలిలో వేడిని నీళ్ళలోకి తెస్తుంది, అదే నీళ్ళకి కరెంట్ మూడో వంతుతో సరిపెడుతుంది. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ, ఇద్దరే ఉన్న ఇంటికి గిట్టుబాటు కాకపోవచ్చు.

ప్రశ్న: మా అత్తయ్యగారు రాత్రి పదింటికి ఫ్రిజ్ ఆపేసి పొద్దున ఆరింటికి వేస్తారు. చెప్తే వినరు. దీనివల్ల నిజంగా ఏమైనా కలిసొస్తుందా?

జవాబు: కలిసొచ్చేది పిసరంత, పాడయ్యేది బోలెడు. ఫ్రిజ్ రాత్రి ఎవరూ తలుపు తీయరు కాబట్టి అప్పుడే అది అన్నిటికంటే తక్కువ పనిచేస్తుంది, కంప్రెసర్ ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. మీరు ఆపిన ఎనిమిది గంటల్లో లోపల ఎక్కిన వేడినంతా పొద్దున్నే మళ్ళీ తీయాలి. ఈలోపు లోపల 5 డిగ్రీలు దాటితే సూక్ష్మజీవులకి పండగ. అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి: "ఆపడం కాదు అత్తయ్యా, రబ్బరు చూద్దాం రండి" అని. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, బిగుసుగా రావాలి, సుళువుగా జారిపోతే ఆ గ్యాస్కెట్‌లోంచి చలి రోజంతా కారిపోతోంది. ముందు గోరువెచ్చని నీళ్ళతో తుడవండి, చాలాసార్లు జిడ్డే కారణం, అప్పటికీ బిగవకపోతే మార్చండి.

ఫ్రిజ్ లోపల 3 నుంచి 5 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18, అంతకంటే చల్లగా అక్కర్లేదు. గోడకి ఆనించి పెట్టొద్దు, పొయ్యి పక్కన అసలొద్దు. వేడి గిన్నె అలాగే లోపల పెట్టొద్దు. పాత మోడల్ అయితే ఫ్రీజర్‌లో మంచు వేలెడు మందం పేరుకోక ముందే కరిగించాలి. కొత్తది కొన్నాక పాతది "అప్పుడప్పుడూ పనికొస్తుంది" అని వెనక గదిలో నడుపుతుంటారు చూశారా, అది నాకు అసలు నచ్చని పని. సగం ఖాళీగా ఉన్న ముసలి ఫ్రిజ్ రోజుకి రెండు యూనిట్లు తినేసినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: ప్లగ్గులో పెడితే బిల్లు 40 శాతం తగ్గుద్దని చిన్న బాక్స్ ఒకటి అమ్ముతున్నారు, మా ఇంటికొచ్చి మీటర్ పెట్టి మరీ చూపించాడు, నిజంగానే అంకె పడిపోయింది. కొనొచ్చా?

జవాబు: వద్దు. నేను కొన్నా కాబట్టి చెప్తున్నా. నాకూ ఇలాగే ఒకాయన ఇంటికొచ్చి చూపించాడు, నాకు ఈ పని కాస్తో కూస్తో తెలిసీ ఆ ఊపులో కొనేశా, సిగ్గేసింది తర్వాత. నెల చూశా, యూనిట్లలో ఏ మార్పూ లేదు. వెనక రెండు స్క్రూలు తీస్తే లోపల బొటనవేలంత కెపాసిటర్ ఒకటి, అగ్గిపెట్టెలో సగం కూడా లేని సర్క్యూట్, పచ్చ లైటు. అంతే. మిగతా డబ్బా అంతా గాలి.

వాడు చూపించిన మాయ ఏంటంటే, మీ వాళ్ళ దగ్గర కూడా ఇదే చేసుంటాడు, ఒక చిన్న మోటార్ నడిపి వైర్‌కి ఆంపియర్ మీటర్ తగిలిస్తాడు. మోటార్ పనికొచ్చే కరెంట్‌తో పాటు పనికిరాని కరెంట్ కూడా కొంత అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది, కెపాసిటర్ పెడితే ఆ అటూ ఇటూ తిరిగేది తగ్గుద్ది, ఆంపియర్లు నిజంగానే పడిపోతాయి. అబద్ధం లేదు అక్కడ. కానీ ఇంటి మీటర్ యూనిట్లు లెక్కేసేది పని చేసిన కరెంట్‌కే, ఆ తిరుగుడు కరెంట్ మీ యూనిట్లలో మొదట్నుంచీ లేనే లేదు. లేనిదాన్ని తగ్గిస్తే ఏం మిగుల్తుంది? పైగా ఆ పచ్చ లైటు రాత్రీ పగలూ వెలుగుతూ నీ యూనిట్ లోంచే కాస్త తింటుంది. ఫ్యాక్టరీల్లో కెపాసిటర్ బ్యాంకులు పెట్టుకుంటారు నిజమే, వాళ్ళ బిల్లు లెక్క వేరు, ఈ తిరుగుడు కరెంట్ ఎక్కువైతే పవర్ ఫ్యాక్టర్ తగ్గిందంటారు, ఆ పవర్ ఫ్యాక్టర్‌కి ఫైన్ ఉంటుంది. ఇంకోసారి ఎవరైనా వస్తే ఆంపియర్ మీటర్ పక్కన పెట్టించి, మన గోడమీది మీటర్ ఎర్రలైటు మెరుపులు లెక్కపెట్టి చూపించమనండి, అతనికి వేరే ఇంట్లో పని గుర్తొస్తుంది.

ప్రశ్న: ఫ్యాన్ రెండులో పెట్టినా ఐదులో పెట్టినా కరెంట్ ఒకటే అంటారు, నిజమా?

జవాబు: ఒకప్పుడు దాదాపు నిజం. పాత పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఫ్యాన్‌కి తగ్గించినదాంట్లో చాలా భాగాన్ని తన ఒళ్ళో వేడిగా కాల్చేసుకునేది, చెయ్యి పెడితే తెలిసేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో అలా కాదు, తగ్గిస్తే తగ్గుద్ది. కానీ అసలు లాభం బ్రష్‌లు లేని డీసీ మోటార్‌తో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో ఉంది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 చుట్టుపక్కల. రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ అయితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, ఒక్క ఫ్యాన్‌కి. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువ గంటలు తిరిగేది ముందు మార్చండి, గెస్ట్ రూమ్‌ది ఎప్పటికీ మార్చకపోయినా నష్టం లేదు.

మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరగడం అంత దండగ ఇంకోటి లేదు. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుంది అంతే, ఎవరూ లేని గదిలో దాని మోటార్ వేడి గదికే చేరి ఇంకాస్త వెచ్చబడుద్ది.

చిన్న చిన్న ప్రశ్నలు, గబగబా:

ట్యూబ్‌లైట్ మాటిమాటికీ వేసి ఆపితే ఎక్కువ కాలుద్దా అని ఒకరు. లేదు, స్టార్ట్ అయ్యేటప్పుడు లాగేది కొన్ని సెకన్లు వెలిగినంత కూడా ఉండదు, ట్యూబ్ ఆయుష్షు తగ్గొచ్చంతే.

వాషింగ్ మిషన్ గురించి ముగ్గురు. మిషన్‌లో నీళ్ళు కాచే ప్రోగ్రామ్ పెడితే కరెంట్‌లో ఎక్కువ భాగం నీళ్ళు కాచడానికే పోద్ది, డ్రమ్ము తిప్పడానికి కాదు. మరకలు, జబ్బుమనిషి బట్టలు లేకపోతే చన్నీళ్ళతోనే ఉతకండి, నిండా వేసి ఉతకండి, దండెం మీద ఆరేయండి.

ఇస్త్రీ పెట్టె రోజూ ఒక చొక్కాకి వేడెక్కించే బదులు వారానికోసారి అన్నీ.

ఇండక్షన్ పొయ్యి మంచిదే, వేడిలో 80 శాతం పైన గిన్నెకే పోద్ది, గ్యాస్ మంటలో అంతకంటే చాలా ఎక్కువ పక్కలకి పోతుంది. కానీ డబ్బు ఏది ఆదా అవుతుందన్నది మీ దగ్గర కరెంట్ ధర, గ్యాస్ ధర బట్టి మీరే చూసుకోవాలి. ఏ పొయ్యి అయినా మూత పెట్టండి.

నీళ్ళ మోటార్: 1 హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కదా, బిల్లులో అంతే వస్తుందా అన్నారు. అది మోటార్ ఇచ్చే పని, తీసుకునేది 1000 దాకా ఉంటుంది. ట్యాంక్ ఇదివరకు అరగంటలో నిండేది ఇప్పుడు ముప్పావుగంట పడుతోందంటే ఫుట్ వాల్వ్ (పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపేది) చూపించండి. ట్యాంక్ పొంగిపోతున్నా ఎవరూ లేవని ఇళ్ళున్నాయి, వాళ్ళకి నేనేం చెప్పలేను.

ఎనర్జీ లేబుల్ మీద స్టార్లు చూడాలా అంటే, స్టార్లు ఒకే సైజు వస్తువుల మధ్య పోలికకి. పెద్ద ఫ్రిజ్ ఎక్కువ స్టార్లది చిన్న ఫ్రిజ్ తక్కువ స్టార్లదానికంటే ఎక్కువ తినొచ్చు. దానికిందే ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది, అది చూడండి.

సోలార్ పెట్టించుకోమంటారా అని ఐదుగురు. పెట్టించుకోండి, కానీ ముందు పైన చెప్పిన దొంగల్ని పట్టుకున్నాక. లేకపోతే నా బ్యాటరీలాంటి దాన్ని పోషించడానికి కూడా ప్యానెల్ కొన్నట్టవుతుంది. స్లాబ్ రేట్లు ఉన్నచోట ఇంకో సంగతి, మీరు తగ్గించే యూనిట్ ఎప్పుడూ పైస్లాబ్ యూనిటే, అంటే అన్నిటికంటే ఖరీదైనది, కాబట్టి 10 శాతం యూనిట్లు తగ్గితే డబ్బు 10 శాతం కంటే ఎక్కువే తగ్గుద్ది.

ప్రశ్న: మీలాంటివాళ్ళు చెప్పినవన్నీ చేశాం. ఇన్వర్టర్ ఏసీ, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఎల్ఈడీలు. రెండు నెలలు బిల్లు తగ్గింది, తర్వాత మెల్లగా మళ్ళీ ఎక్కడిదక్కడికి వచ్చేసింది. వస్తువులు పాడయ్యాయంటారా?

జవాబు: వస్తువులు బానే ఉండుంటాయి. ఒక్కసారి ఆలోచించండి, పాత ఏసీ ఉన్నప్పుడు ఏ టైమ్‌కి వేసేవాళ్ళు, ఇప్పుడు ఏ టైమ్‌కి వేస్తున్నారు? పాతదాన్ని భయంభయంగా రాత్రి పదకొండుకి వేసి నాలుగింటికి ఆపేవాళ్ళం, కొత్తది "తక్కువే కాలుద్దిలే" అని సాయంత్రం ఏడింటికే వేసి పొద్దున ఎండెక్కేదాకా ఉంచుతాం. ఎల్ఈడీ కదా అని మెట్ల దగ్గర ఒకటి, గేటు దగ్గర రెండు, సీలింగ్ చుట్టూ స్ట్రిప్ లైటు ఒకటి. మీ ఒక్కరి సంగతే కాదిది, 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఇదే రాశాడు, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలెట్టాక దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగింది, చవగ్గా నడుస్తుంది కదా అని అందరూ యంత్రాలు పెట్టేశారు.

హాయిగా ఉండటానికే కొనుక్కున్నారు, కాస్త ఎక్కువ వాడితే నేరమేం కాదు, తెలిసి వాడుతున్నారా తెలియక వాడుతున్నారా అన్నదే. బిల్లు నెలకోసారి వస్తుంది, అప్పటికి ఏం చేశామో ఎవరికీ గుర్తుండదు. అందుకే మేం వారానికోసారి చూస్తాం. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, ప్రతి ఆదివారం పొద్దున ఒకే టైమ్‌కి మీటర్ అంకె దాని మీద రాసి పక్కన పోయిన వారం కంటే ఎంత పెరిగిందో రాస్తాం, ఆ వారం చుట్టాలొచ్చినా, ఎండలు పెరిగినా ఒక ముక్క రాసుకుంటాం, అర నిమిషం పని. ఇప్పుడు ఆ పని మా చిన్నోడు తీసుకున్నాడు. మామూలుగా వచ్చేదానికంటే నాలుగు యూనిట్లు ఎక్కువొస్తే చాలు, నేను పేపర్ చదువుకుంటుంటే వచ్చి నిలబడి అడుగుతాడు, "నాన్నా, బ్యాటరీ మళ్ళీ పోయిందా?" అని.